పదో మనిషి

హాల్లో పన్నెండు మంది ఉన్నారు.

వాళ్లలో బిస్కెట్ల కోసం వచ్చినవాడు ఒక్కడేనని అందరి నమ్మకం.

ఆయనకు అరవై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. గోళ్ల సందుల్లో నల్లటి నూనె మరకలు. గేటు పక్క బోర్డు మీద 'సెమినార్, అందరూ ఆహ్వానితులే' అని కాగితం పడితే చాలు, వచ్చి చివరి వరసలో కూర్చుంటాడు. రిజిస్టర్లో ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం పెడతాడు.

ఆ చిన్న ప్రైవేటు యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసేవాళ్లు ఆయనకు 'బిస్కెట్ల బాబాయ్' అని పేరు పెట్టారు.

ఆ రోజు మాట్లాడుతున్నది మట్టి మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఉప్పు పేరుకుపోయిన నేలలో మళ్లీ పైరు మొలిపించడం ఎలాగన్నది ఆమె పని. నాలుగేళ్లుగా అదే పని.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నాడు గైడ్, ఉండకూడదన్నట్టు.

చివరి వరసలో చెయ్యి లేచింది.

"అమ్మా, నాలుగేళ్లు ఒకే మట్టి పట్టుకుని కూర్చున్నారు కదా. మానేద్దామని ఎప్పుడూ అనిపించలేదా?"

హాలంతా గొల్లున నవ్వింది.

ఆమె ముఖం మాడిపోయింది. ముందురోజే అమ్మకు ఫోన్ చేసి, ఇక నా వల్ల కాదని ఏడ్చింది. సరిగ్గా అక్కడే గుచ్చినట్టయింది.

"ఇది సెమినారండీ, పిచ్చాపాటీ కాదు," అంది.

టీ దగ్గర ఆయనే వచ్చాడు.

"ఏమనుకోకండమ్మా. నాకు సగం అర్థమైంది. నాబోటివాడికి సగం అర్థమైందంటే మీరు బాగా చెప్పినట్టే."

ఆమె ముఖం తిప్పుకుంది.

తర్వాత గైడ్ గదిలో చీవాట్లు.

"రోడ్డున పోయేవాళ్లను పోగేసి సెమినార్ పెడతావా? నలుగురిలో డిపార్ట్‌మెంట్ పరువు తీశావు."

గైడ్‌ని ఏమీ అనలేక ఆ కోపమంతా కాగితం మీద పెట్టింది. బయటి వ్యక్తి వల్ల ఇబ్బందిగా ఉందని ఆఫీసుకు ఫిర్యాదు రాసింది.

వారం తిరగకముందే వాచ్‌మన్ ఆయన్ను గేటు దగ్గర ఆపేశాడు. ఆమె మెట్ల మీంచి చూసింది. ఆయన గొడవ పడలేదు. తలూపి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

పీడ విరగడైందనుకుంది.

ఎనిమిది నెలలు గడిచాయి.

థీసిస్ ఇచ్చేముందు పెట్టాల్సిన ఆఖరి సెమినార్ రోజు వచ్చింది. మర్నాటితో ఆమె రిజిస్ట్రేషన్ గడువు సరి.

పరీక్షలయిపోయి సెలవులిచ్చారు. క్యాంపస్ బోసిపోయింది. తోటివాళ్లలో ఇద్దరు చదువు మానేశారు. ఒకడు ఉద్యోగం దొరికిందని వెళ్లిపోయాడు.

గైడ్ తలలు లెక్కపెట్టాడు.

"తొమ్మిది. వినేవాళ్లు పదిమంది లేకపోతే సెమినార్ చెల్లదు. రూలు తెలుసుగా?"

"ఒక్కరే కదా సార్ తక్కువ!"

"ఒక్కరైనా తక్కువే. అరగంట చూస్తాను. ఆ తర్వాత బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్‌గారికి రైలుంది."

ఆమె లైబ్రరీకి పరిగెత్తింది. మూసేశారు. క్యాంటీన్‌కి వెళ్లింది. అక్కడా ఎవరూ లేరు.

అప్పుడు గుర్తొచ్చాడు ఆయన.

ఒగరుస్తూ గేటు దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఆ బిస్కెట్ల బాబాయ్ ఎక్కడుంటాడు?"

వాచ్‌మన్ ఆమెను వింతగా చూశాడు.

"బస్టాండ్ వెనక కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఆయనది. లోపలికి రానివ్వొద్దన్నాక కూడా, సెమినార్ అని బోర్డు పడ్డప్పుడల్లా వచ్చేవాడమ్మా. 'ఇవాళ ఎంతమంది వెళ్లారు లోపలికి?' అని అడిగేవాడు. పదిమంది దాటారంటే ఇంటికెళ్లిపోయేవాడు."

"ఇప్పుడు కొట్లో ఉంటాడా?"

"పోయిన నెల పోయాడమ్మా. గుండెపోటు."

ఆమె వెనక్కి తిరిగి హాలు వైపు చూసింది.

"పోనీ మీరు రండన్నా. ఒక్క గంట. ఊరికే కూర్చుంటే చాలు."

"గేటు వదిలితే నా ఉద్యోగం ఊడుతుంది తల్లీ."

సెమినార్ వాయిదా పడింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసులో పెద్ద గుమాస్తా ముందు నిలబడింది. గడువు పొడిగించమని అర్జీ పెట్టుకోవాలి. పొడిగిస్తారో లేదో ఆయనకూ తెలియదు.

"ఎలా రాయాలండీ?"

గుమాస్తా బీరువా తీసి ఓ పాత ఫైలు బయటపెట్టాడు.

"ఇది చూసి రాసుకోండి. పదకొండేళ్ల కిందటిది. ఆ అమ్మాయికీ ఇదే గతి. తొమ్మిది మందే వచ్చారు."

"పొడిగించారా?"

"లేదమ్మా. ఆ పిల్ల మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు. బంగారం లాంటి పిల్ల."

ఆమె ఫైల్లోని అర్జీ చదివింది. చక్కటి గుండ్రటి అక్షరాలు. ఎక్కడా కొట్టివేత లేదు. కింద తండ్రి పేరు, ఆయన చేసే పని రాసి ఉన్నాయి.

కుట్టుమిషన్ల మరమ్మతు.

ఆ మాటల మీద వేలు పెట్టింది.

"వాళ్ల నాన్న..." అంది.

"ఆయన్ను ఎలా మర్చిపోతానమ్మా," అన్నాడు గుమాస్తా. "వాయిదా కాగితం అంటించడానికి వెళ్లింది నేనే. లోపల పదో మనిషి కోసం గంటసేపు ఎదురుచూశారు. చదువులేని తను లోపలికొస్తే కూతురికి నామర్దా అనుకుని, ఆ గంటసేపూ ఆయన తలుపు బయట బల్ల మీదే కూర్చుని ఉన్నాడు."