పూడ్చిన నెర్రె

"ఇంకొంచెం లోతుకు తియ్యయ్యా. మోకాలిబంటి నెర్రెను చూసి సారు నవ్విపోతడు!"

పూలమ్మ తట్ట ఎత్తి మన్ను గట్టవతల పోసింది. పొద్దు పొడవకముందే మొదలుపెట్టిన పని. ఆమె పెనిమిటి మొగిలి గడ్డపార కింద పడేసి నడుం పట్టుకున్నాడు.

"మొన్ననే గదనే కంపెనోళ్లు ట్రాక్టరు పెట్టి పూడ్చింది? పూడ్చిందాన్ని మళ్ల తవ్వుడేందో నాకైతే సమజైతలేదు."

"పూడ్చుడంటరా దాన్ని? పుండు మీద బట్ట కప్పుడు అంటరు."

ఆమె మాటా అబద్ధం కాదు. ఆ చేను కిందికెల్లి రెండేండ్ల సంది బొగ్గు తోడుతున్నారు. తోడిన జాగలో ఇసుక నింపాలని కాయిదా ఉందట. నింపారో లేదో పాతాళానికే ఎరుక. పోయిన వానలకు చేను నట్టనడుమ భూమి విచ్చుకుంది. బాయిలో నీళ్లు అడుగంటినయి. వేసిన మక్క వేసినట్టే మాడింది. ఉన్నదల్లా ఆ రెండెకరాలు. అది పోతే మొగుడూ పెండ్లాం పొద్దున్నే లేచి పరకాలలో కూలి అడ్డా మీద నిలబడాల్సిందే.

నిన్న ఊళ్లో డప్పు కొట్టి చెప్పారు. కొత్త చట్టం వచ్చిందట, హనుమకొండ నుంచి సారు వచ్చి నెర్రెలు చూసి రాసుకుంటాడట, ఎవరి చేను కాడ వాళ్లు ఉండాలట. రాసుకున్న నెర్రెలను సర్కారే కిందికెల్లి నింపిస్తదని పూలమ్మకు తోచింది. తన నెర్రె కప్పి ఉందని రాత్రి అన్నం సయించలేదు.

"కరువు సారు వచ్చిన ఏడు యాదికి లేదా నీకు?" అంది మొగుడితో. "ఎండిన చేను చూపినోళ్లకు విత్తనాలిచ్చిండ్రు. మనమేమో బిందెలతోని నీళ్లు మోసి నాలుగు సాళ్లు పచ్చగ చేసుకుంటిమి. మీకేం, మంచిగనే ఉన్నరని పాయె! సర్కారోడికి పుండు చూపాలె గని మందు పట్టీ చూపొద్దు."

మొగిలికి ఆ ఏడు బాగానే యాదికుంది. మళ్ల గడ్డపార అందుకున్నాడు.

పక్క చేను మొండయ్యది, మొగిలికి పాలోడు, వరుసకు తమ్ముడు. గట్టు మీద కూచుని చుట్ట తాగుతున్నాడు.

"వదినె, పెయ్యంత చెమటలేనా? కంపెనోళ్లకు తెలిస్తే కొడ్తరు."

"తెల్వనీ. నీ లెక్క వాళ్లు పోసిన చాయ తాగి చల్లగ కూసుంటమా? నీ నెర్రె నాదానికన్న పెద్దది. లేచి తవ్వుకో మొండయ్యా, మళ్ల ఏడ్వకు."

"నా నడుం పోయింది వదినె."

"పోయింది నడుం గాదు, సిగ్గు!"

మొండయ్య నవ్వాడు గానీ, హనుమకొండ ఆఫీసు జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చేసరికి ఆ నవ్వు ఎగిరిపోయింది. చుట్ట పారేసి ఉరికాడు.

దిగిన సారు పేరు రాజేశ్వర్ రావు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. ముందుగా మొండయ్య చేను చూశాడు.

"ఇక్కడ నెర్రె లేదు గదా?"

"ఉండె సారూ! ఎడ్లబండి దిగేటంత ఉండె! మొన్ననే కప్పిండ్రు. అడుగున ఇంకా బోలుగనే ఉంది. మీ కాల్మొక్త, రాసుకోండ్రి."

"కండ్లకు కనబడ్డదే రాస్తనయ్యా. నీ చేను మంచిగున్నది, పోయి దున్నుకో."

మొండయ్య గట్టు మీద కూలబడి నెత్తి కొట్టుకున్నాడు. "దున్నుకొమ్మంటాండు! ఏం దున్నాలె, నా తలరాతనా?" అతని పెండ్లాం ముందే చెప్పలేదా అని తిట్లు అందుకుంది. పూలమ్మకు పాపమనిపించింది. ఒక్కపూట కష్టపడితే ఏం పోయేది!

సారు ఇవతలికి వచ్చి నెర్రె అంచున ఆగిపోయాడు. వెంట వచ్చిన బంట్రోతులు టేపు పట్టారు.

"ఇది పూడ్చలేదా అమ్మా?"

మొగిలి గొంతు సవరించుకున్నాడు. పూలమ్మ అతనికి మోచేత్తో ఒక్కటిచ్చింది.

"పూడ్చినట్టు చేసిండ్రు సారూ. ఒక్క వానకే మళ్ల విచ్చింది."

"మళ్ల గట్టిగ పూడిస్తే నిలుస్తదా?"

"యాడ నిలుస్తది! ఎంత పోసినా మింగుతాంది."

"మనుషులు, గొడ్లు పడేటంత లోతుందా?"

"పడుడా! మా ఎర్రెద్దు పడితే తాళ్లు కట్టి గుంజినం సారూ. అమ్మతోడు."

మొగిలి గిర్రున పెండ్లాం దిక్కు తిరిగాడు. వాళ్లకు ఎద్దే లేదు. కానీ ఆమె కండ్లల్లో నీళ్లు మాత్రం నిజమైనవే. అవి చూసి తానూ తల ఊపాడు. "అవు సారూ. ఎద్దు కాలు ఇరిగింది."

సారు ముఖం చిన్నబోయింది. పెన్ను తీసి చాలాసేపు రాశాడు. "ఊరంత తిరిగిన. ఇంత దెబ్బతిన్న చేను ఇదొక్కటే," అన్నాడు.

పూలమ్మ గెలిచినట్టు మొగుడి దిక్కు చూసింది. ముంతలో మజ్జిగ పోసి రెండు చేతులా అందించింది. సారు తాగి, కాగితం చాపాడు. ఆమె బొటనవేలు సిరాలో ముంచి గట్టిగా అద్దింది. మొగిలి కూడా అద్దాడు.

"పని ఎన్నడు షురువైతది సారూ?"

"రేపే మనుషులొస్తరమ్మా. ఆలస్యం చేసే ముచ్చట కాదిది."

"రేపే!" పూలమ్మ రెండు చేతులూ జోడించింది. ఈ వానలకే మక్క వేసుకోవచ్చు. బాయిలో మళ్ల నీళ్లూరితే గట్టెంబడి నాలుగు బీర పాదులు పెట్టుకోవచ్చు. "మా పాలిట దేవుడివి నాయినా. వచ్చినోళ్లకు అన్నం నేనే వండి పెడ్త. కింద ఇసుకతోనే నింపుతరా, మన్ను తెస్తరా?"

సారు జీపు ఎక్కబోతూ ఆగాడు. ఆమెకేసి జాలిగా చూశాడు.

"నింపుడు లేదమ్మా, పూడని చేనుకు కంచె కొట్టి కంపెనీకి అప్పజెప్తరు."