ఎర్ర గుర్తు

మాస్టారు పోయాక ఆయన పాటల లైబ్రరీ శిష్యురాలు చిట్టి చేతికొచ్చింది. రేపు క్లబ్బులో మొదటిసారి తను ఒక్కతే డీజే. అందుకే అందరూ వెళ్లిపోయినా, పైగదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కంప్యూటర్‌లో పాటలు సర్దుతోంది.

ఎంత పని చేసిపెట్టారు మహానుభావుడు! వేల పాటలు, వేగాన్ని బట్టి వరస. ప్రతి పాటలోనూ జనం ఎగిరి గంతేసే చోట ఒక ఎర్ర గుర్తు. ఒక్కటంటే ఒక్కటి గురి తప్పలేదు.

"కంప్యూటర్ లెక్కని నమ్మొద్దు తల్లీ. బల్లమీద వేలితో కొట్టి చూసుకున్నాకే గుర్తు పెట్టు," అనేవారు.

ఈరోజే కొన్న పాట తెరిచింది. అందులో అప్పటికే ఎర్ర గుర్తు ఉంది.

తనే పొరపాటున నొక్కిందేమో అనుకుని చెరిపేసి, తనకు తోచిన చోట కొత్తది పెట్టింది. పాట వేసి విని, సరిగ్గా అక్కడ ఆపింది. దరువు ఆగింది. దాని కింద సన్నగా వినిపిస్తున్న టక్, టక్ మాత్రం ఆగలేదు.

హెడ్‌ఫోన్స్ తీసింది. చప్పుడు బల్లది. లయ వెంట్రుకవాసి తప్పకుండా మరో నాలుగు దెబ్బలు పడి, అప్పుడు ఆగింది.

చిట్టి గబుక్కున కుర్చీ వెనక్కి జరిపింది. అయినా చెయ్యి ఊరుకుంటేనా! గుర్తుని నాలుగు దెబ్బలు ముందుకి జరిపింది. ఇందాక తను చెరిపేసిన చోటే అది. పాట మళ్లీ వేసింది. అబ్బ, ఎంత బాగా పడిందో!

"చెవంటే మీదే మాస్టారూ," అంది, వెనక్కి తిరగకుండా.

బల్లమీద మళ్లీ టక్, టక్ మొదలైంది. ఈసారి వేగం వేరు. తర్వాతి పాట చిట్టి ఇంకా తెరవనే లేదు.