కేబుల్ పీకేది ఎవరు?

"ఏ కేబుల్ పీకావు?" అని సర్వర్ గది గుమ్మంలోంచే అడిగింది పెద్దమేడమ్.

"మూడోది, మేడమ్," అంది టెస్టరు. నీలం కేబుల్ కొస ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"మళ్ళీ పెట్టు."

పెట్టింది. రెండు నిమిషాలైంది. మూడో యంత్రం లేచి కూర్చున్నా, కొత్త ఇంజనీరు తెచ్చిన ప్రోటోకాల్ మాత్రం అది పోయిందనే అనుకుంటోంది. తెర మీద ఎర్ర గీత కదల్లేదు.

"మీది పడిపోయింది బాబూ," అని పెద్దమేడమ్ తన గదిలోకి వెళ్ళిపోయింది. కొత్త ఇంజనీరు ఆ ఎర్ర గీత ముందే నిలబడిపోయాడు.

ఆసుపత్రుల్లో తీసిన స్కానింగ్ చిత్రాలను దాచిపెట్టడం ఆ కంపెనీ పని. ఒక్కో చిత్రాన్నీ ముక్కలు చేసి, మూడు భవనాల్లోని యంత్రాలకు పంచుతారు. ముక్కలు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి వెళ్ళే పద్ధతిని, అంటే ప్రోటోకాల్‌ని, పన్నెండేళ్ళ క్రితం పెద్దమేడమే రాసింది. అందులో అన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. ముందు ముక్క దారిలో తప్పిపోతే, అది మళ్ళీ వచ్చేదాకా వెనకవన్నీ పడిగాపులు కాయాల్సిందే. కొత్త ఇంజనీరు తెచ్చినదాంట్లో వరుసలు చాలా ఉంటాయి, ఒకటి ఆగినా మిగతావి ఆగవు. రెండింట్లో ఏది ఉండాలో శుక్రవారం తేల్చేస్తారు. తనది ఓడితే ప్రొబేషన్‌తోనే తన ఉద్యోగం సరి అని మేనేజరు అతనికి చెప్పకనే చెప్పాడు. గెలిస్తే పెద్దమేడమ్‌కి నెలాఖరే ఆఖరు. రిటైరైన మనిషిని ఇంకా ఉంచుకున్నది ఆ పాత ప్రోటోకాల్‌ని చూసుకోవడానికే మరి.

పరీక్షలో ప్రోటోకాల్ రాసినవాళ్ళు కేబుల్ ముట్టుకోకూడదన్నది పెద్దమేడమ్ పెట్టిన నియమం. ఎప్పుడు పీకాలో, ఏది పీకాలో టెస్టరు ఇష్టం. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ టెస్టర్నే పెట్టమని అడిగింది కూడా పెద్దమేడమేనని తెలిశాక, చేరి నెలైనా కాని కొత్త ఇంజనీరుకు అన్నం సయించలేదు.

మర్నాడు క్యాంటీన్లో టెస్టరు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోరుగా? ఆవిడంటే మీకు భయమా?"

టెస్టరు నవ్వింది. "ఎందుకుండదండీ? పదింటికి రావాల్సినదాన్ని తొమ్మిదిన్నరకే వచ్చి కూర్చుంటున్నానంటే ఆవిడ చలవే."

"మరి రిపోర్టు ఆవిడకి నచ్చినట్టే రాస్తారా?"

ఆమె చెంచా పక్కన పెట్టింది. "నిన్న మీది పడిపోయిందని రాశాను. నిజంగానే పడిపోయింది కాబట్టి. సరిచేసి తెండి, మళ్ళీ పీకుతాను."

"నాది గెలిస్తే? ఆవిడ ఊరుకుంటుందా?"

"ఏం ఊరుకుంటుంది! వారం రోజులు మాట్లాడకపోవచ్చు. మీకేమండీ, ఆరు కొట్టగానే హాయిగా ఇంటికెళ్ళిపోతారు."

పాపం, ఆరు దాటినా ఈమెను వదలదు కాబోలు అనుకున్నాడతను. జాలితో పాటు కాస్త బెంగ కూడా వేసింది. అంత భయపడే మనిషి చేతిలోనే ఉంది మరి తన ఉద్యోగం.

తప్పు దొరికింది. పోయిన యంత్రం తిరిగొస్తే దాన్ని మళ్ళీ పలకరించే భాగం రాయడమే మర్చిపోయాడు. రెండు రోజులు తల వంచుకుని దాన్ని సరిచేశాడు. గురువారం పెద్దమేడమ్ పరీక్షను ఇంకా బిగించింది. నూటికి రెండు ముక్కల్ని దారిలో కావాలనే పారేయాలట, ఒకటి కాదు రెండు కేబుళ్ళు పీకాలట. తన మీద కక్ష కట్టిందనే అనుకున్నాడతను. ఆ సాయంత్రం పార్కింగ్‌లో కారు పక్కన నిలబడి, పెద్దమేడమ్ టెస్టరుకు వేలు చూపిస్తూ అంటున్న మాట అతని చెవిన పడింది.

"మొహమాటానికి పోయావో, ఊరుకునేది లేదు!"

ఇంకేముంది, తన పని అయిపోయినట్టే అనుకున్నాడు.

శుక్రవారం మీటింగులో టెస్టరు రిపోర్టు చదివింది.

"రెండింట్లోనూ ఒక్క ముక్క పోలేదు. లైను బాగుంటే రెండూ సమానమే. బాగోలేనప్పుడు అదే పనికి పాతదానికి నలభై ఒక్క నిమిషాలు పట్టింది, కొత్తదానికి పదమూడు. కొత్తది పెట్టమనే నా సలహా."

పెద్దమేడమ్ కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు తిప్పింది.

"రెండో కేబుల్ పీకావా?"

"మూడుసార్లు, మేడమ్."

"ముక్కలు లెక్కపెట్టావా?"

"రెండుసార్లు."

పెద్దమేడమ్ సంతకం పెట్టింది. కాగితాన్ని వెంటనే వదల్లేదు. "పన్నెండేళ్ళు నడిచింది. చాల్లే," అని మేనేజరు వైపు తోసేసింది. కొత్త ఇంజనీరుకు ఎగిరి గంతేయాలనిపించింది. ఆ మరుక్షణమే ఆవిడ మొహం చూసి సిగ్గేసింది.

ఆరింటికి టెస్టరును గేటు దగ్గర పట్టుకున్నాడు.

"ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదండీ. ఆవిడ్ని ఎదిరించి మరీ..."

"ఎదిరించడమేంటండీ? ఉన్నది చెప్పాను." ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏదైతేనేం, నెలాఖరుతో మీకు పీడ విరగడవుతుంది. మళ్ళీ జన్మలో ఆవిడ మొహం చూడక్కర్లేదు!"

టెస్టరు ఏదో చెప్పబోయింది. ఈలోగా కారొకటి వచ్చి పక్కనే ఆగింది. అద్దం కిందికి దిగింది.

"ఇంకా ఎంతసేపు, అమ్మాయ్?" అంది పెద్దమేడమ్.

"వస్తున్నా, అత్తయ్యా!"