బల్ల మీది కాలు

ఆ మనిషి తన కాలు ఊడదీసి పని బల్ల మీద పెట్టాడు.

కొయ్యకాలు. మోకాలి దగ్గర తోలు పట్టా తెగి వేలాడుతోంది. మడమ దగ్గర చెక్క చీలింది.

"బస్సు దిగి లక్డీకాపూల్ నుంచి నడిచొచ్చిన. ఎర్రమంజిల్ మిట్ట కాడ తెగింది. పెద్దసారు లేడా?"

"లష్కర్ దిక్కు పోయిండు," అన్నారు పిల్లలు.

"మరి ఎవరు బాగు చేస్తరు దీన్ని?"

పిల్లలు బల్ల చుట్టూ మూగారు.

పంజగుట్టలో ఊరి చివరి బడి అది. యుద్ధం రోజులు. సగం మంది క్రైస్తవుల పిల్లలు, తక్కిన వాళ్లు అమీర్‌పేట కూలీల పిల్లలు. చదువుతో పాటు చేతికి ఒక పని రావాలని హెడ్మాస్టరు దయారత్నం పెరట్లో రెండు రేకుల షెడ్లు వేయించాడు. ఒకటి చెక్కపనికి, ఒకటి తోలుపనికి. నడుమ ఒక తలుపు.

ఏ పిల్లవాడు ఏ షెడ్డుకు పోవాలో చెప్పేది మాత్రం కలప వ్యాపారి రాజనర్సయ్య. బడి కమిటీకి పెద్ద ఆయనే. బల్ల, ఉలి, చిత్రిక అన్నీ ఆయన ఇచ్చినవే.

దుంగను చూడగానే ఇది దూలానికి, ఇది పొయ్యికి అని తేల్చేసే మనిషి. పిల్లల్ని కూడా అట్లాగే తేల్చేశాడు. తండ్రి పని ఏదో కొడుకు షెడ్డు అదే. అమ్మిన సరుకు తిరిగి తీసుకోని బేరం.

దయారత్నం ఒప్పుకోలేదు. "అందరికీ రెండూ నేర్పుదాం సేటూ. ఎవరికి ఏది పట్టుబడితే అది చేసుకుంటారు."

"చెక్క, తోలు రెండూ తెల్సినోడు ఈ షహర్ల ఒక్కడుంటె వారంల సూపియ్యి సారూ. షెడ్ల నడుమ తలుపు నేనే పీకి పడేస్త. లేకుంటె ఆడ గోడ లేపిస్త."

ఆ మాట అయి వారమైంది.

"తోలు మేం ముట్టం," అన్నారు చెక్క షెడ్డు పిల్లలు.

"చెక్క మాకు నేర్పలె," అన్నారు తోలు షెడ్డు పిల్లలు.

"అయితే నా కాలు రెండు ముక్కలు చేసి పంచుకుంటరా?"

చెప్పులు కుట్టే చిన్నప్ప కొడుకు ఏసుబాబు నవ్వాపుకోలేకపోయాడు. తోలు ముందు కూర్చున్నా వాడి చెవి ఎప్పుడూ పక్క షెడ్డు చిత్రిక చప్పుడు మీదే.

"నేను చేస్త మామా."

"రెండూ వచ్చా?"

"తోలు వచ్చు. చెక్క సూసిన."

"సూస్తె ఏమొస్తది? పట్టు." ఉలి తీసి వాడి చేతిలో పెట్టాడు. "తొందర పడకు. కర్ర ఎటు పొమ్మంటే అటు పో."

చీలిక పూడింది. పట్టా సగం కుట్టు పడింది.

అప్పుడే వచ్చాడు రాజనర్సయ్య, గోడ కట్టే మేస్త్రి మొగిలయ్యను వెంటబెట్టుకుని. చెమట నానిన తోలు వాసనకు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"పనిముట్ల నడుమ కాలేందిర? దసరాకు పసుపు కుంకుమ పెట్టిన బల్ల ఇది."

"కాలు గాదు సేటూ, కర్ర. మీ కలప అడితిల ఉండేదే," అన్నాడు ఆ మనిషి.

"కర్రయితె కాలికెందుకు తొడిగినవ్? తొడిగినంక కాలే."

"మరి తోలు?"

"థూ. ఏ పశువుదో ఏమో."

"బర్రెది. మీరు తొడుక్కున్న చెప్పులు సుత దానియే."

పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. రాజనర్సయ్య ముఖం మాడింది.

"ఉలి కింద పెట్టర ఏసుబాబూ. నీ జాగ యాడనో మర్చినవా?"

"నేనెవరో జర చెప్పనియ్యి సేటూ," అన్నాడు ఆ మనిషి.

"నువ్వెవరైతె నాకేంది?"

చేత్తో ముట్టడానికి రోత. రాజనర్సయ్య మొగిలయ్య చేతిలోని కొలబద్ద లాక్కుని, దానితో కొయ్యకాలును పెరట్లోకి తోశాడు. అది కోళ్లు గీకిన బురదలో పడింది. ఆ తర్వాత ఉలిని కడిగించాడు, బల్లను కడిగించాడు. తన చెప్పులను మాత్రం కడిగించలేదు.

ఒంటికాలి మనిషి నేల మీద చేతులు ఆనించుకుంటూ పెరట్లోకి పోతుంటే అందరూ చూశారు. లాభం లేని చోట మాట ఖర్చు చేసే రకం కాదు ఎవరూ.

ఏసుబాబు ఒక్కడే పరుగెత్తి కాలు తీసి, బురద తుడిచి ఇచ్చాడు.

"కుట్టు సగమే అయింది మామా."

"పడ్డ సగం గట్టిగుంది బిడ్డా."

"మల్ల వస్తవా?"

"ఈడ నాకు నిలబడే జాగ లేదు."

కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రానికి తలుపు ఉన్న చోట గోడ మనిషెత్తు లేచింది. ఏసుబాబు దానికి అవతల, తోలు షెడ్డులోనే ఉండిపోయాడు.

దయారత్నం చెమటలు కక్కుతూ వచ్చాడు. గోడను చూసి ఆగిపోయాడు.

"తొందరపడ్డారు సేటూ. మీరు చూపించమన్న మనిషి దొరికాడు. లష్కర్ మిలిటరీ దవాఖానలో పని. చెక్క చెక్కే ఉలీ ఆయనదే, తోలు కుట్టే ఆరే ఆయనదే."

"యాడున్నడు?"

"నా కబురు అందగానే, నేను అటు పోయేలోపే, పొద్దున్నే మన బడికి బయలుదేరాడట. రేపు పటాలంతో బొంబాయి పోతున్నాడు, మళ్లీ రాడు. రాలేదా ఇక్కడికి?"

రాజనర్సయ్య తడి గోడ మీద చెయ్యి పెట్టాడు.

"ఎట్లుంటడు మనిషి?"

"గుర్తుపట్టడం కష్టం కాదు సేటూ, తన కాలు తానే చెక్కి, తానే కుట్టుకుని, దాని మీదే నడుస్తాడు."