భుజం తట్టినప్పుడు

మెల్లిగా పోనిమ్మని, బండి నడుపుతున్న గైడమ్మాయి భుజం మీద రెండుసార్లు తట్టాను. మోటారుసైకిలు ఇంకా జోరందుకుంది. కంగారుగా మళ్లీ తట్టాను. కళ్లజోడు ఎగిరిపోయినంత పనైంది.

యుద్ధకాలపు సొరంగం ముందు దిగి కళ్లజోడు సరిచేసుకున్నాను.

“ఏం తొందరమ్మా నీకు?”

“బాగుంది సార్! తట్టి తట్టి తోలించింది మీరేగా?” అని నవ్విందా అమ్మాయి.

లోపల చీకటి. ఆమె వెనకే వంగి నడిచాను.

“యుద్ధంలో మా ఊరివాళ్లు ఇక్కడే దాక్కునేవాళ్లు. దీపం వెలిగించకూడదు, నోరు మెదపకూడదు. వెనకవాళ్లు భుజం మీద రెండుసార్లు తడితే, ‘నేనున్నాను, నువ్వు పద’ అని. బండి మీద మాకు ఇప్పటికీ అదే అలవాటు సార్.”

నేను ఆగిపోయాను.

మా ఆవిడ పోయి ఏడాదైంది. స్కూటరు మీద వెనక కూర్చుని నా భుజం అలాగే తట్టేది. భయపడుతోందని నేను వేగం తగ్గించేవాణ్ణి. దిగాక, “మీ బండెక్కడం కంటే నడిచి రావడం నయం” అనేది. వేళాకోళం అనుకునేవాణ్ణి.

“ఏంటి సార్, ఊపిరాడట్లేదా?”

“బాగానే ఉన్నాను. పద.”

తిరుగు దారిలో మలుపు దాటగానే రోడ్డు తిన్నగా, ఖాళీగా కనిపించింది. రెండుసార్లు తట్టాను. బండి దూసుకుపోయింది.

“ఇప్పుడు భయం లేదా సార్?” గాలిలో అరిచింది గైడు.

“ఇది మా ఆవిడ సీటమ్మా,” నేనూ అరిచాను. “పోనీ!”