డెబ్భై దాటితే

"దాన్ని ముట్టుకున్నావంటే చేతులు విరుగుతాయ్! చూడు, అంతే!"

భార్య చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. కారు డ్యాష్‌బోర్డు మీద కొత్తగా బిగించిన డిజిటల్ గేజ్‌లో ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి. బిగించిన మహానుభావుణ్ణి వీధిలో అందరూ 'ఇంజన్‌గారు' అంటారు. పెళ్ళాం పుట్టినరోజు గుర్తుండదు గానీ, ఆయిలు మార్చిన తేదీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆమె డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న దగ్గర్నుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదు.

"ఇంజన్ వేడి చూపిస్తుందిది. డెబ్భై దాటిందా, కూస్తుంది. కూసిందా, ఉన్నచోటే పక్కకి తీసి ఆపెయ్. చల్లారేదాకా కదిపావో, ఇంజన్ పట్టేస్తుంది. కొత్తది మీ పుట్టింటివాళ్ళు కొనివ్వరు."

"అలాగేనండీ. మరి ఆస్పత్రిలో అమ్మని చూసి రావచ్చా?"

"కుయ్యకపోతే వెళ్ళు. నేనేమన్నా వద్దన్నానా?"

ఆమె మొహం విప్పారింది. సంతోషంగా ఇంట్లోకి వెళ్ళింది. పక్క సీట్లో వైర్లు పట్టుకుని కూర్చున్న తమ్ముడు అప్పుడు నోరు తెరిచాడు.

"అదేంటన్నయ్యా, ఏ ఇంజనైనా తొంభై దగ్గర నడుస్తుంది కదా! డెబ్భైకి పెడితే వదిన వంతెన దాటకముందే కూస్తుంది."

"అందుకేరా పెట్టింది."

"మరి నువ్వు నడిపేటప్పుడు?"

"ఇదిగో, ఈ మూల బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంటే నోరు మూస్తుంది. అంకె కూడా కనపడదు. బండి ఆపి మళ్ళీ తీస్తే మామూలే. ఈ సంగతి మీ వదిన చెవిన పడిందో, తోలు తీస్తా!"

తమ్ముడు కిసుక్కున నవ్వాడు. అన్నకు ఎదురు చెప్పే ధైర్యం వాడికి ఏనాడూ లేదు మరి.

గేజ్ తన ఉద్యోగం తు.చ. తప్పకుండా చేసింది. బజారు దాటి వంతెన ఎక్కగానే కీచుమని కూసేది. ఆమె బండి ఆపి, ఎండలో నిలబడి, చల్లారాక వెనక్కి తిప్పుకుని వచ్చేది. ఇంట్లో ఇంజన్‌గారు కాలు మీద కాలేసుకుని ఎదురు చూస్తూ ఉండేవాడు.

"నా చేతిలో ఒక్కసారైనా కూసిందా? బండిదేముందే, అంతా నడిపే మనిషిలో ఉంటుంది!"

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే.

ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిన రోజునా అంతే. "మీ అమ్మగారు మిమ్మల్నే కలవరిస్తున్నారు, తొందరగా రండి" అంది నర్సు. వంతెన మధ్యలో గేజ్ కూసింది. ఇంజన్ పోతే అసలుకే చేరలేనని ఆమె ఆపేసింది. ఆ వంతెన మీద ఎంత చెయ్యూపినా ఏ బండీ ఆగదు. రెయిలింగ్ పట్టుకుని, అంకె వంక చూస్తూ, చిన్నపిల్లలా ఏడ్చింది. ఆమె చేరేసరికి మంచం మీద దుప్పటి ముఖం దాకా కప్పేశారు.

"నువ్వు వెళ్ళినంత మాత్రాన బతికేదా ఏమిటి?" అన్నాడు ఇంజన్‌గారు. ఛీ, అదీ ఒక మాటేనా!

ఆ సాయంత్రం వదినను పలకరించడానికొచ్చిన తమ్ముడు ఆమెకంటే ఎక్కువ ఏడ్చాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆమె మాత్రం ఎప్పటిలాగే గేజ్ కూసినప్పుడల్లా బండి ఆపుతూనే ఉంది. దారికొచ్చిందనుకుని ఇంజన్‌గారు మురిసిపోయాడు.

ఒక మధ్యాహ్నం భోజనం ముందునుంచి లేస్తూ లేస్తూ ఆయన గుండె పట్టుకుని కుప్పకూలాడు. ఒళ్ళంతా చెమటలు.

"కారు... తియ్యవే..."

ఆమె భుజం పట్టి నడిపించింది. ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టింది. బజారులో జనాన్ని తప్పించుకుంటూ ఎంత చక్కగా నడిపిందో! ఆయనే ఇంకోరోజైతే ఆశ్చర్యపోయేవాడు. బండి వంతెన ఎక్కింది. వంతెన దిగి ఐదు మైళ్ళు పోతే ఆస్పత్రి.

అంత నొప్పిలోనూ ఆయన చూపు గేజ్ మీద పడింది. అరవై ఎనిమిది. అరవై తొమ్మిది. బటన్ కోసం చెయ్యి చాపబోయాడు. చెయ్యి లేవలేదు.

గేజ్ కీచుమంది. ఆమె బండిని బుద్ధిగా పక్కకి తీసి ఆపింది.

"ఆపకే... పోనీ..."

"అమ్మో, ఇంజన్ పట్టేస్తుందండీ! మీరేగా చెప్పారు."

"పోతే... పోనీవే ఇంజన్..."

ఆ మాట ఆయన నోట రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. పక్కనుంచి లారీలు హోరుమంటూ పోతున్నాయి. ఆయన కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"అది... అబద్ధం... ఆ మూల... బటన్..."

ఆమె తాళం తీసేసింది. కూత ఆగిపోయింది. ఆయన నుదుటి మీది చెమటను కొంగుతో మెల్లగా తుడిచి, ఆయన చేతిని తీసి ఒళ్ళో పెట్టింది.

"గట్టిగా నొక్కి పట్టుకోవాలి, అంతేగా? అమ్మ పోయిన సాయంత్రమే మీ తమ్ముడు చెప్పాడండీ."