విసిరే చేయి

యూనివర్సిటీ గ్రౌండ్ మెట్ల మీద కూర్చుని లచ్చవ్వ మనవరాలికి జడ అల్లుతోంది. కాసేపట్లో స్టేట్ బేస్‌బాల్ టీముకు సెలక్షన్స్. స్నేహలత తార్నాకలోని ఇంటి నుంచి జుట్టు విరబోసుకునే వచ్చింది.

"గ్లౌజులు, హెల్మెట్లు... ఇదేం ఆటనే?" అన్నాడు బాబాయి పరుశురాం, ముడవని కాలు చాపుకుని. "కబడ్డీల మోకాలు జారినా నేను కూత ఆపలే."

"అందుకే బాబాయ్, ఇప్పుడు బస్సెక్కాలంటే నాయనమ్మ చెయ్యి పట్టుకుంటున్నవ్."

పరుశురాం పగలబడి నవ్వాడు.

"మీ ఆటల రక్తం కనబడతది, చప్పట్లు కొడ్తరు," అంది స్నేహలత. "మా దెబ్బ లోపల్నే ఉంటది. ఎవ్వరికీ తెల్వది."

"కుడి చెవి మీద ఈ పాయ పట్టుకో బిడ్డా," అంది లచ్చవ్వ.

స్నేహలత బంతి విసిరే కుడిచేయి భుజం దాకా లేచి ఆగిపోయింది. ఎడమచేయి తల చుట్టూ తిరిగి వచ్చి పాయను అందుకుంది.

ఎన్నడూ అడగని పిల్ల ఇవాళ జడ వేయమని ఎందుకు అడిగిందో లచ్చవ్వకు అర్థమైంది.

"ఎప్పటిసంది?" అంది గొంతు తగ్గించి.

"చెప్పకు నాయనమ్మా. ఫైనల్ ఇయర్. మళ్లా చాన్స్ రాదు."

"స్నేహలతా, అంతా ఓకేనా?" కోచ్ కేకేశాడు.

"మా పిల్ల గట్టిది సార్," అన్నాడు పరుశురాం.

లచ్చవ్వ నోరు తెరిచింది. చెప్తే ఆట పోతుంది. చెప్పకపోతే చేయి పోతుంది. చివరికి మళ్లీ జడ మీదికే వంగింది.

జడ పూర్తయింది. అయినా ఆమె వదల్లేదు. స్నేహలతే మెల్లగా విడిపించుకుని గ్రౌండులోకి వెళ్లింది.